గోల్ఫ్‌లో దూరానికి గీత ఎక్కడ: నేల లెక్క, నేర్పు లెక్క

గోల్ఫ్ నియమాలను రూపొందించే సంస్థలు రెండే. ఒకటి స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ కేంద్రంగా పనిచేసే ఆర్ అండ్ ఏ, రెండవది అమెరికా, మెక్సికోల పరిధిలో అధికారం ఉన్న యూఎస్‌జీఏ. బంతులను ఆమోదించే ముందు జరిపే దూర పరీక్షను కఠినం చేస్తున్నట్లు ఈ రెండూ 2023 డిసెంబరులో కలిసి ప్రకటించాయి. కొత్త కొలత అగ్రశ్రేణి పోటీలకు 2028 జనవరి నుంచి, మిగిలిన ఆటగాళ్లందరికీ 2030 జనవరి నుంచి వర్తించాలన్నది ఆనాటి ప్రణాళిక. కాగితం మీద చూస్తే ఇది ప్రయోగశాల పరీక్షలో మూడు కొలతల మార్పు మాత్రమే. అయినా దాని మీద రేగిన వివాదం చిన్నది కాదు. జాక్ నిక్లాస్, టైగర్ వుడ్స్ వంటి మేటి ఆటగాళ్లు బంతి జోరు తగ్గాల్సిందేనని వాదించగా, ప్రస్తుత తరం ఆటగాళ్లలో పలువురు, బంతుల తయారీ సంస్థలు, అమెరికాలో ప్రధాన పోటీల పరంపరను నడిపే పీజీఏ టూర్ వేర్వేరు దశల్లో, వేర్వేరు కారణాలతో అభ్యంతరం చెప్పాయి.

ఈ వివాదంలో ఎవరి మాట విన్నా కొంత నిజం ఉన్నట్లే తోస్తుంది. రెండు విడి ప్రశ్నలు ఒకే పేరుతో చెలామణీ కావడమే అందుకు కారణం. మొదటి ప్రశ్న నేలకు సంబంధించినది: బంతి ఏటికేడు దూరం పోతుంటే గోల్ఫ్ ఆడే మైదానాలైన కోర్సులు ఎంతవరకు పొడవు పెరగగలవు, అంత స్థలం, నీరు, నిర్వహణ ఖర్చు ఎక్కడి నుంచి వస్తాయి? రెండవది నేర్పుకు సంబంధించినది: బలంగా కొట్టడం ఒక్కటే మిగతా నైపుణ్యాలన్నిటినీ వెనక్కి నెట్టేస్తున్నదా? దూరం తగ్గాలనేవారు ఈ రెంటినీ కలిపి మాట్లాడతారు, వద్దనేవారు తమకు అనుకూలమైన ఒక్కదానికే జవాబు చెబుతారు. నా అంచనాలో, బంతి మీద పెట్టే పరిమితి మొదటి ప్రశ్నకు సరైన జవాబే కాని రెండవ దానికి అరకొర జవాబు. నేర్పు సంగతి తేలాలంటే చూపు బంతి మీద నుంచి, దూరపు తొలి దెబ్బకు వాడే డ్రైవర్ అనే క్లబ్బు (బంతిని కొట్టే కర్ర) తల మీదికి మళ్లాలి.

ముందుగా దూరం ఎలా పుడుతుందో చూడాలి. క్లబ్బుకు, బంతికి మధ్య స్పర్శ దాదాపు సెకనులో రెండు వేలవ వంతు కాలం మాత్రమే ఉంటుంది. ఆ కొద్ది వ్యవధిలో బంతి నొక్కుకుపోయి, తిరిగి విప్పారుతూ క్లబ్బు ముఖాన్ని వదిలిపోతుంది. అలా వదిలే క్షణంలో బంతికి ఉన్న వేగం, అది పైకి లేచే కోణం, వెనక్కి తిరిగే స్పిన్, ఈ మూడే దాదాపు అంతా నిర్ణయిస్తాయి. డ్రైవర్‌తో సరిగ్గా నడిమిన తగిలితే బంతి వేగం క్లబ్బు తల వేగానికి సుమారు ఒకటిన్నర రెట్లు ఉంటుంది. తల వేగం గంటకు ఒక మైలు పెరిగితే దూరం రెండున్నర నుంచి మూడు గజాలు పెరుగుతుందన్నది వాడుకలో ఉన్న లెక్క. బంతి మీది చిన్న చిన్న గుంటలు గాలి నిరోధాన్ని తగ్గిస్తాయి. నున్నని బంతి అయితే అదే దెబ్బకు సగం దూరమైనా పోవడం కష్టం. వెనక్కి తిరిగే స్పిన్ బంతిని గాలిలో నిలబెడుతుంది. అది మరీ ఎక్కువైతే బంతి పైపైకి లేచి ముందుకు సాగే శక్తిని కోల్పోతుంది, మరీ తక్కువైతే తొందరగా నేలకు దిగుతుంది. ఎత్తుగా లేపి తక్కువగా తిప్పడం దూరానికి దారి అన్న సంగతి ఈనాడు ప్రతి ఆటగాడికీ తెలుసు. పరికరాలు, శిక్షణ ఒకచోట కలిసి ఆ సూత్రాన్ని అందరికీ అందుబాటులోకి తేవడమే గత మూడు దశాబ్దాల కథ.

దూరం మీద ఆందోళన మాత్రం అంతకంటే ఎంతో పాతది. ఈకలు కుక్కిన తోలు బంతి స్థానంలో 19వ శతాబ్దం మధ్యలో గట్టిపడిన చెట్టు పాలతో చేసిన గటాపర్చా బంతి వచ్చింది. 1898లో అమెరికాకు చెందిన కోబర్న్ హాస్కెల్ రబ్బరు దారాన్ని బిగించి చుట్టిన బంతిని రూపొందించగా, 1902లో శాండీ హెర్డ్ ఆ బంతితోనే బ్రిటన్‌లోని ప్రధాన పోటీ ఓపెన్ చాంపియన్‌షిప్ గెలవడంతో పాత బంతికి కాలం చెల్లింది. బంతి బరువు 1.62 ఔన్సులు మించరాదని, వ్యాసం 1.62 అంగుళాలకు తగ్గరాదని రెండు సంస్థలూ 1921లో ఒక అంగీకారానికి వచ్చాయి కాని అది పదేళ్లకే చెదిరింది. కొద్దికాలం వేరే కొలతలతో ప్రయోగం చేసిన అమెరికా సంస్థ 1932లో బరువును అలాగే ఉంచి కనీస వ్యాసాన్ని 1.68 అంగుళాలు చేసింది, ఆర్ అండ్ ఏ 1.62 దగ్గరే ఆగింది. గాలికి ఎదురుగా ఎక్కువ దూరం పోయే ఆ చిన్న బంతి ఓపెన్ చాంపియన్‌షిప్‌లో 1973 దాకా చెల్లింది, నియమాల నుంచి పూర్తిగా తొలగిపోయింది 1990లో. అంటే ఒకే ఆటను రెండు వేర్వేరు బంతులతో అర్ధ శతాబ్దానికి పైగా ఆడారు. అందరికీ ఒకే నియమం అన్నది గోల్ఫ్‌కు పుట్టుకతో వచ్చిన లక్షణమని ఈనాడు చెప్పేవారు ఈ సంగతిని సాధారణంగా ప్రస్తావించరు.

పరిమితులు కూడా కొత్తవి కావు. బంతి తొలి వేగం సెకనుకు 250 అడుగులు మించరాదన్న నియమాన్ని యూఎస్‌జీఏ 1942లో తెచ్చింది. 1976లో మొత్తం దూరానికి కూడా కొలత పెట్టింది. బైరన్ నెల్సన్ అనే మేటి ఆటగాడి స్వింగ్‌ను అనుకరించే యంత్రంతో ఈ పరీక్ష జరిపేవారు, అందుకే దానికి ఐరన్ బైరన్ అన్న ముద్దుపేరు వచ్చింది. కాబట్టి పరికరాలకు హద్దు ఉండాలా అన్న ప్రశ్నకు గోల్ఫ్ ఎప్పుడో అవునని చెప్పేసింది. ఇప్పుడు జరుగుతున్నది ఆ హద్దు ఎక్కడ ఉండాలన్న తగాదా.

తగాదా ముదరడానికి మూలం 1990వ దశకంలో ఉంది. అంతకు ముందు డ్రైవర్ తల తునికి జాతికే చెందిన పర్సిమన్ కలపతో తయారయ్యేది. 1979లో టేలర్‌మేడ్ సంస్థ ఉక్కు తలను తెచ్చింది, 1990వ దశకం మధ్యలో టైటానియం తలలు వచ్చాయి. టైటానియం తేలికగానూ బలంగానూ ఉండటం వల్ల తలను పెద్దది చేసి, ముఖాన్ని పలుచన చేయడం సాధ్యమైంది. పలుచని ముఖం దెబ్బ తగిలినప్పుడు కొద్దిగా లోపలికి వంగి, బంతి నొక్కుకుపోయేటప్పుడు వృథా అయ్యే శక్తిని తగ్గిస్తుంది. ఇదే కాలంలో బంతి లోపల కూడా పెద్ద మార్పు జరిగింది. అప్పటి వృత్తి ఆటగాళ్లు మెత్తని పైపొర, చుట్టిన రబ్బరు దారం ఉన్న బలాటా బంతిని వాడేవారు. అది గ్రీన్ (బంతిని వేయాల్సిన గుంట చుట్టూ నున్నగా గడ్డి కోసిన చోటు) మీద పడగానే నిలిచేది కాని డ్రైవర్‌తో కొట్టినప్పుడు కూడా విపరీతంగా తిరిగేది. గట్టి పైపొర ఉన్న రెండు పొరల బంతి దానికంటే దూరం పోయేది గాని గ్రీన్ మీద ఆగేది కాదు. కనుక ఆటగాడు దూరం కావాలో, అదుపు కావాలో తేల్చుకోవాల్సి వచ్చేది. గట్టి గర్భం, మధ్య పొర, మెత్తని యురేథేన్ పైపొర గల బంతి ఈ బేరాన్ని రద్దు చేసింది: డ్రైవర్‌కు తక్కువ స్పిన్, దగ్గరి దెబ్బలకు వాడే వెడ్జ్‌కు ఎక్కువ స్పిన్, రెండూ ఒకే బంతిలో. టైటిలిస్ట్ ప్రో వీ1 బంతి 2000 అక్టోబరులో పోటీల్లోకి వచ్చాక కొన్ని నెలల్లోనే చుట్టిన బంతి దాదాపు మాయమైపోయింది.

అంకెలు ఈ కథను ధ్రువీకరిస్తాయి. పీజీఏ టూర్‌లో సగటు డ్రైవింగ్ దూరం 1980లో దాదాపు 257 గజాలు. ఆ ఏడాది అందరికంటే దూరం కొట్టిన డాన్ పోల్ సగటే 274 గజాలు. 1993లో టూర్ సగటు సుమారు 260. అంటే పదమూడేళ్లలో పెరిగింది మూడు గజాలే. 2003 వచ్చేసరికి అది సుమారు 286కు చేరింది, పదేళ్లలో 26 గజాలు ఎగబాకింది. 2023లో సగటు 300 గజాలకు కొద్దిగా తక్కువ, అగ్రస్థానంలో ఉన్న రోరీ మెకిల్‌రాయ్ సగటు 326 గజాలు. దూరం తగ్గించనక్కరలేదనే వారి ప్రధాన వాదన ఈ అంకెల్లోనే ఉంది. ఉప్పెన వచ్చి పోయింది, 2003 తర్వాత ఇరవై ఏళ్లలో పెరిగింది 14 గజాలు, అది కూడా ఎక్కువగా ఆటగాళ్ల కష్టం వల్లే అన్నది వారి మాట.

ఆ మాటలో బలం ఉంది. 1990వ దశకం చివరి నుంచి పరికరాలకు వరుసగా కళ్లేలు పడ్డాయి. డ్రైవర్ తల పరిమాణం 460 ఘన సెంటీమీటర్లు దాటరాదు, ముఖం బంతిని విసిరే గుణానికి పరిమితి ఉంది, తల మెలి తిరగకుండా నిలబడే గుణానికీ పరిమితి ఉంది. 2004లో బంతి పరీక్షను సవరించి, క్లబ్బు తల వేగాన్ని గంటకు 109 మైళ్ల నుంచి 120కి పెంచి, దూరం 317 గజాలు, మరో మూడు గజాల సడలింపు అని నిర్ణయించారు. 2010లో మధ్య దూరాలకు వాడే ఐరన్లు, వెడ్జ్‌ల ముఖం మీది గాళ్లను మొద్దుబార్చే నియమం తెచ్చారు. గడ్డి దట్టంగా ఉన్న రఫ్ నుంచి స్పిన్ తగ్గితే ఆటగాళ్లు పొట్టి గడ్డి దారి అయిన ఫెయిర్‌వే కోసం జాగ్రత్త పడతారన్నది దాని వెనుక ఆశ. ఆ ఆశ నెరవేరలేదు, దూరం తగ్గలేదు. 2022లో క్లబ్బు పొడవును 46 అంగుళాలకు పరిమితం చేసే వెసులుబాటును పోటీల నిర్వాహకులకు ఇచ్చారు. అంతకంటే పొడుగు క్లబ్బు వాడేవారు ఎలాగూ కొద్దిమందే. ఈలోగా పరికరాల నియమాలేవీ తాకలేని చోట పెరుగుదల కొనసాగింది. వ్యాయామం ఆటలో భాగమైంది, రాడార్ యంత్రాలు ప్రతి దెబ్బ వేగాన్ని, కోణాన్ని, స్పిన్‌ను అక్కడికక్కడే చూపిస్తున్నాయి, చిన్నప్పటి నుంచే వేగానికి శిక్షణ పొందిన తరం వచ్చింది, ఫెయిర్‌వే గడ్డిని మునుపటి కంటే పొట్టిగా కోయడంతో బంతి నేల మీద కూడా ఎక్కువ దొర్లుతోంది.

అయితే పెరుగుదల ఎవరి వల్ల అన్నది నేల ప్రశ్నకు సంబంధం లేని విషయం. బంతిని మోసింది టైటానియమా, కండబలమా అని నేల అడగదు. ఈ కోణంలో జావెలిన్ త్రో చరిత్ర చక్కని ఉదాహరణ. 1984లో తూర్పు జర్మనీకి చెందిన ఉవే హోన్ ఈటెను 104.80 మీటర్లు విసిరినప్పుడు అందులో అక్రమం ఏమీ లేదు, అది అతని ప్రతిభే. అయినా స్టేడియంలో చోటు చాలదన్న భయం మొదలైంది, 1986లో పురుషుల ఈటె గురుత్వ కేంద్రాన్ని నాలుగు సెంటీమీటర్లు ముందుకు జరిపి, అది త్వరగా మొన కిందికి దిగేలా చేశారు. విసిరేవారి బలానికి శిక్ష పడిందని ఈనాడు ఎవరూ అనుకోరు.

గోల్ఫ్‌లో చోటు సమస్య స్టేడియం అంత స్పష్టంగా కనిపించదు, ఎందుకంటే కోర్సుకు నిర్ణీత పొడవు లేదు. తొలి దెబ్బ కొట్టే చోటైన టీని వెనక్కి జరిపితే సరిపోతుంది, వెనుక స్థలం ఉన్నంతకాలం. అమెరికాలోని ఆగస్టా నేషనల్‌లో 1997లో టైగర్ వుడ్స్ 12 స్ట్రోక్‌ల (దెబ్బల) తేడాతో మాస్టర్స్ పోటీ గెలిచినప్పుడు కోర్సు పొడవు 6,925 గజాలు. 2002 నాటికి అది 7,270, 2006 నాటికి 7,445 గజాలు అయింది. పేరుమోసిన 13వ హోల్‌ను (టీ నుంచి గ్రీన్ దాకా ఉండే ఒక భాగాన్ని) 510 గజాల నుంచి 545 గజాలకు పెంచి 2023లో ఆడించడానికి ఆ సంస్థ పక్కనే కోర్సు నడిపే మరో క్లబ్బు (సంఘం) స్థలాన్ని కొనుక్కోవాల్సి వచ్చింది. అంత స్తోమత ఎన్ని క్లబ్బులకు ఉంటుంది? సెయింట్ ఆండ్రూస్‌లోని ఓల్డ్ కోర్సుది మరో రకం ఇబ్బంది. శతాబ్దాల నాటి ఆ కోర్సు చుట్టూ ఇతర కోర్సులు, రోడ్లు, ఊరు ఉన్నాయి. 2010 ఓపెన్ కోసం 17వ హోల్ టీని 40 గజాలు వెనక్కి జరపగా, ఆ కొత్త టీ కోర్సు హద్దుకు అవతల పడింది. బంతి అటు పోతే హద్దు దాటినట్లు లెక్క, ఆటగాడు మాత్రం అక్కడ నిలబడే కొట్టాలి. అంత చేసినా 2022లో 7,313 గజాల ఓల్డ్ కోర్సు మీద కామెరాన్ స్మిత్ పార్ (కోర్సుకు నిర్ణయించిన దెబ్బల సంఖ్య) కంటే 20 స్ట్రోక్‌లు తక్కువతో గెలిచాడు.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా ఉంది. 2013లో యూఎస్ ఓపెన్ జరిగిన మెరియన్ కోర్సు పొడవు 7,000 గజాలకు కొద్దిగా తక్కువ, విజేత జస్టిన్ రోజ్ స్కోరు పార్ కంటే ఒకటి ఎక్కువ. 2017లో అదే పోటీ 7,741 గజాల ఎరిన్ హిల్స్‌లో జరిగితే బ్రూక్స్ కోప్కా పార్ కంటే 16 తక్కువతో గెలిచాడు. ఇరుకైన ఫెయిర్‌వేలు, దట్టమైన రఫ్, గట్టి గ్రీన్లు ఉంటే పొడవు అక్కరలేదని ఈ జంటను చూపి వాదిస్తారు. వాదన తప్పు కాదు గాని దాని ధర వేరే చోట పడుతుంది. అలా బిగించిన కోర్సు మీద ఆటగాళ్లు డ్రైవర్‌ను సంచిలో వదిలేసి ఐరన్‌తో మొదలుపెడతారు. మెరియన్‌లో ఫిల్ మికెల్సన్ అసలు డ్రైవరే తీసుకురాలేదు. కోర్సును నిర్మించినవారు ఇక్కడ ఇసుక గుంట అయిన బంకర్‌ను దాటించు, అక్కడ పక్కకు తప్పించు అని వేసిన చిక్కులన్నీ అప్పుడు ఎవరూ విప్పనవసరం లేని చిక్కులుగా మిగిలిపోతాయి. పైగా వారానికో ఊళ్లో జరిగే పోటీలన్నిటికీ మెరియన్ వంటి కోర్సు దొరకదు.

ఇక నేర్పు సంగతి. కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన మార్క్ బ్రోడీ టూర్ ఆటగాళ్ల దెబ్బలన్నిటినీ విశ్లేషించి, విజేతలను మిగతావారి నుంచి వేరు చేసేది గ్రీన్ మీద బంతిని దొర్లించే పుటింగ్ కంటే ఎక్కువగా దూరపు దెబ్బలేనని తేల్చినప్పుడు, ఆటగాళ్లలో చాలామంది తరతరాలుగా నమ్మిన మాట తలకిందులైంది. ఫెయిర్‌వే నుంచి మరీ దూరపు దెబ్బ కంటే, రఫ్ నుంచే అయినా బాగా దగ్గరి దెబ్బ మేలన్న లెక్క చాలాసార్లు నిజమవుతుంది. ఆ లెక్కను 2020 యూఎస్ ఓపెన్‌లో బ్రైసన్ డీషాంబో అక్షరాలా అమలు చేసి చూపించాడు. వింగ్డ్ ఫుట్ వంటి కఠినమైన కోర్సు మీద నాలుగు రోజుల్లో 56 ఫెయిర్‌వేలకు 23 మాత్రమే దొరకబుచ్చుకొని, ఆరు స్ట్రోక్‌ల తేడాతో గెలిచాడు. పార్ కంటే తక్కువ స్కోరు చేసింది అతనొక్కడే. అతని కసరత్తును, తెలివిని తక్కువ చేయనక్కరలేదు. ఆలోచించాల్సింది వేరొకటి: అంత బలంగా, అంత నిర్భయంగా కొట్టే వీలు అతనికి ఎక్కడి నుంచి వచ్చింది?

పర్సిమన్ తల పరిమాణం ఈనాటి 460 ఘన సెంటీమీటర్లలో సగం కూడా ఉండేది కాదు. బంతి నడిమి నుంచి అర అంగుళం పక్కకు తగిలితే తల మెలి తిరిగి, బంతి వేగం పడిపోయి, దారి తప్పేది. నూటికి నూరు పాళ్ల బలంతో ఊపడం అంటే ఆ తప్పును కొనితెచ్చుకోవడమే కనుక, ఆనాటి మేటి ఆటగాళ్లు కొంత బలాన్ని దాచుకొని ఆడేవారు. ఈనాటి తల బరువును అంచులకు పంచి, మెలి తిరగకుండా నిలబడుతుంది. నడిమి తప్పిన దెబ్బ కూడా దాదాపు అంతే దూరం, దాదాపు అదే దారిలో పోతుంది. బలం దాచుకోవాల్సిన అవసరం పోయింది. దూరం పెరగడంలో ఈ నిర్భయత్వం వాటా ఎంతో విడదీసి కొలవడం కష్టమే గాని, వేగానికి శిక్షణ పొందడం లాభసాటి అయిందంటే అందుకు పునాది వేసింది ఇదే. క్రికెట్ చూసేవారికి ఈ కథ కొత్తగా అనిపించదు. బ్యాట్ అంచులు లావెక్కి, అంచుకు తగిలిన బంతులు కూడా సిక్సర్లు అవుతున్నప్పుడు, క్రికెట్ నియమాలు రూపొందించే ఎంసీసీ 2017 అక్టోబరు నుంచి అంచు మందాన్ని 40 మిల్లీమీటర్లకు, బ్యాట్ మొత్తం మందాన్ని 67 మిల్లీమీటర్లకు పరిమితం చేసింది. బంతిని మెత్తబరచలేదు, బౌండరీని ఊరి బయటికి జరపలేదు, సరిగా తగలని దెబ్బకు దక్కే బహుమతిని తగ్గించే ప్రయత్నం చేసింది.

ఇప్పుడు 2023 నిర్ణయాన్ని ఈ రెండు ప్రశ్నల ముందు నిలబెట్టి చూద్దాం. దూర పరిమితి 317 గజాలు, మూడు గజాల సడలింపు అన్నది మారలేదు. మారినవి పరీక్ష షరతులు: తల వేగం గంటకు 120 నుంచి 125 మైళ్లకు, లేచే కోణం 10 నుంచి 11 డిగ్రీలకు, స్పిన్ నిమిషానికి 2,520 నుంచి 2,220 చుట్లకు. అంటే బంతిని ఇంకా బలంగా, దూరానికి ఇంకా అనువుగా కొట్టినా అది పాత గీత దాటకూడదు, కనుక బంతి మందగించక తప్పదు. దీనివల్ల అందరికంటే దూరం కొట్టేవారు 13 నుంచి 15 గజాలు, టూర్‌లోని సగటు పురుష ఆటగాళ్లు 9 నుంచి 11 గజాలు, మహిళా టూర్ల ఆటగాళ్లు 5 నుంచి 7 గజాలు, వినోదం కోసం ఆడేవారు ఐదు గజాలు లేదా అంతకు లోపు కోల్పోతారన్నది రెండు సంస్థల అంచనా. తయారీదారులు బంతిని ఎలా మందగింపజేస్తారన్నది వారి ఇష్టం. గర్భాన్ని మెత్తబరిస్తే తొలి వేగం అందరికీ దాదాపు ఒకే నిష్పత్తిలో తగ్గుతుంది. గుంటల ఆకృతి మార్చి గాలి నిరోధం పెంచితే, నిరోధం వేగపు వర్గంతో పాటు పెరుగుతుంది కనుక, వేగంగా కొట్టేవారికే ఎక్కువ కోత పడుతుంది.

నేల ప్రశ్నకు ఇది న్యాయమైన జవాబు. పదిహేను గజాలు కోర్సులను వెనక్కి కుదించవు, కాని కొత్త టీల కోసం జరిగే వేటకు కొన్నేళ్ల విరామం ఇస్తాయి. బంతి మార్చడానికి అయ్యే ఖర్చు కోర్సు మార్చడానికి అయ్యే ఖర్చులో లేశమాత్రం కూడా కాదు. బంతి ఎలాగూ వాడి పారేసే వస్తువు, కోర్సు అలాంటిది కాదు. ఈ దారిలో చివరిదాకా వెళితే ఏమవుతుందో చూపే ప్రయోగం ఒకటి ఇదివరకే జరిగింది: 1980వ దశకంలో జాక్ నిక్లాస్ గ్రాండ్ కేమన్ దీవిలో చోటు చాలక చిన్న కోర్సు నిర్మించి, దాని కోసం మామూలు బంతిలో సగం దూరమే పోయే బంతిని వాడించారు. ఆట సాధ్యమేనని అది నిరూపించింది, కాని ఆ బంతి కోసం ప్రపంచం ఎగబడలేదు.

నేర్పు ప్రశ్నకు ఈ జవాబు ఎంత సరిపోతుందో ఒక చిన్న లెక్కతో తెలుస్తుంది. 450 గజాల పార్ 4 హోల్ మీద ఒకరు 320, మరొకరు 290 గజాలు కొడుతున్నారనుకుందాం. మొదటివారికి 130, రెండవవారికి 160 గజాలు మిగులుతాయి. కొత్త బంతితో వారు 306, 280 గజాలు కొడితే 144, 170 గజాలు మిగులుతాయి. ఇద్దరి మధ్య తేడా 30 నుంచి 26 గజాలకు తగ్గింది గాని, ఒకరు వెడ్జ్ వదిలి 9 ఐరన్ పట్టగా రెండవవారు 8 ఐరన్ వదిలి 7 ఐరన్ పట్టాల్సి వచ్చింది. ఐరన్ అంకె తగ్గి క్లబ్బు పొడవు పెరిగే కొద్దీ బంతిని గ్రీన్ మీద నిలపడం కష్టమవుతుంది కనుక, బలవంతుడి ఆధిక్యం తగ్గిందని ధైర్యంగా చెప్పలేం. రెండవ దెబ్బలో ఇద్దరికీ కొంత పరీక్ష పెరుగుతుంది, అది మంచిదే. కాని తొలి దెబ్బను నిర్భయంగా కొట్టే స్వేచ్ఛ అలాగే ఉంది, దారి తప్పితే కట్టాల్సిన మూల్యం కూడా మారలేదు.

అభ్యంతరాల్లో అన్నిటికీ ఒకే బరువు లేదు. ప్రేక్షకులు దూరాన్ని చూడటానికే వస్తారన్నది బలహీనమైన వాదన. గాలిలోకి లేచిన బంతి 320 గజాలు పోయిందో 306 పోయిందో తెర మీద అంకె చూడకుండా చెప్పగలిగేవారు అరుదు. మహిళల విషయంలో అభ్యంతరం మాత్రం గట్టిది. మహిళా టూర్ల దూరాల వల్ల ఏ కోర్సూ ఇరుకు కాలేదు, వారి బంతికి కోత పెట్టడానికి నేల కారణం కాదు, నేర్పు కారణం అంతకన్నా కాదు. ఔత్సాహికుల సంగతీ అంతే, సగటు పురుషుడి డ్రైవ్ 215 గజాల ప్రాంతంలో ఉండే ఆటలో సమస్య ఎన్నడూ దూరం ఎక్కువ కావడం కాదు. మరి కారణం కానివారికి నియమం ఎందుకు వర్తించాలి?

దీనికి సమాధానం 2023 మార్చి నాటి మొదటి ప్రతిపాదనలో ఉంది. అప్పుడు ఆ సంస్థలు సూచించినది అగ్రశ్రేణి పోటీలు మాత్రమే ఎంచుకోగల ప్రత్యేక స్థానిక నియమం, మిగిలినవారి బంతి యథాతథం. రోరీ మెకిల్‌రాయ్ వంటివారు సమర్థించారు గాని, పీజీఏ టూర్ ఆ ఏడాది జులైలో కాదంది, క్లబ్బుల్లో పనిచేసే గోల్ఫ్ నిపుణుల సంఘం పీజీఏ ఆఫ్ అమెరికా కూడా వ్యతిరేకించింది. తయారీ సంస్థలకు ఇది మరీ చేదు, ఎందుకంటే టూర్ ఆటగాడు వాడే బంతినే మీరూ వాడవచ్చన్న మాట మీదే ఆ వ్యాపారం నిలబడి ఉంది. అందరికీ ఒకే ఆట ఉండాలన్న పట్టుదల గెలిచింది, ఫలితంగా అందరికీ ఒకే కోత వచ్చింది. ఔత్సాహికులకు నష్టమంటూ వాదించినవారిలో కొందరే, ఔత్సాహికులను మినహాయించిన ప్రతిపాదనను అంతకు ముందు తోసిపుచ్చారన్నది ఈ వ్యవహారంలోని వింత.

డ్రైవర్ తలను చిన్నది చేయాలన్న ఆలోచన ముందు నిలిచే అడ్డంకి కూడా ఇదే. తప్పును క్షమించే తల ఔత్సాహికుడికి అవసరం, అది లేకపోతే చాలామంది ఆటే మానేస్తారు. దాన్ని వదులుకోవాల్సింది వారానికి లక్షల డాలర్ల బహుమతి కోసం ఆడేవారు మాత్రమే. కనుక తల మీద పరిమితి రావాలంటే అది రెండు అంచెల నియమంగానే రాగలదు. బంతిని ఐదు గజాలు తగ్గిస్తే ఔత్సాహికుడు భరిస్తాడు, తల పరిమాణాన్ని సగం చేస్తే భరించడు. ఒకే నియమం అన్న షరతు కింద సాధ్యమైన మార్పు బంతి ఒక్కటే, అందుకే రెండు సంస్థలూ బంతిని పట్టుకున్నాయి. అదే ప్రకటనలో, డ్రైవర్లు నడిమి తప్పిన దెబ్బలను ఎంతగా క్షమిస్తున్నాయన్న దాని మీద పరిశోధన కొనసాగిస్తామని కూడా చెప్పాయి. ఆ పరిశోధన ఏ ఫలితం తేల్చినా, రెండు అంచెల నియమానికి పీజీఏ టూర్ 2023 జులైలో మూసిన తలుపును మళ్లీ తీస్తే తప్ప అది నియమంగా మారే దారి లేదు.